మన పేర్లను కాదనని పది ఫంక్షన్లు: ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు ఒక సొంత లైబ్రరీ

హోసూరు కావచ్చు, కోలారు కావచ్చు, బళ్లారి, బరంపురం, షోలాపురం, యానాం ఏదైనా కావచ్చు. పిల్లలు పదకొండో తరగతికి వచ్చేసరికి మన ఇళ్లల్లో పైథాన్ మాట వినిపిస్తోంది. సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ పాఠాలు పైథాన్‌లోనే ఉన్నాయి. డిప్లొమా, బీసీఏ, ఇంజినీరింగ్ పిల్లలకు అది ఎలాగూ తప్పదు. మొదటి రెండు నెలలు పాఠం హుషారుగా సాగుతుంది. ఇఫ్, ఫర్, వైల్, లిస్ట్ వచ్చేస్తాయి. ఆ తర్వాత చాలామంది పిల్లలు ఒకే చోట ఆగిపోతారు. భాష వచ్చింది, ఇప్పుడు దాంతో ఏం రాయాలి?

పెద్ద యాప్ రాయాలంటే అనుభవం చాలదు. పుస్తకం చివర ఇచ్చిన లెక్కలేమో రాసిన మరునాడే ఎవరికీ అక్కరకు రావు. ఈ రెంటికీ మధ్య ఒక మంచి దారి ఉంది. రోజూ పనికొచ్చే చిన్న చిన్న ఫంక్షన్లను సొంతంగా రాసి, ఒక ఫైల్‌లో దాచుకుని, వాటిని పరీక్షిస్తూ పెంచుకోవడమే ఆ దారి. దాన్నే యుటిలిటీ లైబ్రరీ అంటారు. అలాంటి లైబ్రరీని పది ఫంక్షన్లతో ఎలా మొదలుపెట్టాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. ఉదాహరణలన్నీ మన పేర్లు, మన ఊళ్లు, మన లిపి నుంచే తీసుకున్నాం. దానికి కారణం ఉంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఏ పేర్లతో పరీక్షిస్తారో ఆ పేర్లకే అది సరిగ్గా పనిచేస్తుంది. మన పేర్లతో ఎవరూ పరీక్షించకపోతే ఫారం మన పేరునే తప్పంటుంది.

యుటిలిటీ ఫంక్షన్ అంటే ఏమిటి?

వంటింట్లో పోపుల డబ్బా ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, ఎండుమిర్చి. వాటిలో ఏదీ ఒక్కటే కూర కాదు. కానీ పప్పుకైనా పులుసుకైనా చేయి ముందు ఆ డబ్బా మీదికే పోతుంది. యుటిలిటీ ఫంక్షన్ కూడా అలాంటిదే. అది ఒక చిన్న పని చేస్తుంది. ఒక విలువ తీసుకుంటుంది, ఇంకో విలువ తిరిగి ఇస్తుంది. ఏ ప్రోగ్రాములోనైనా వాడుకోవచ్చు.

పెద్ద కంపెనీల్లోనూ పని ఇలాగే నడుస్తుంది. జావాస్క్రిప్ట్ రాసేవాళ్ల కోసం 2009లో అండర్‌స్కోర్, 2012లో లోడాష్ అనే లైబ్రరీలు వచ్చాయి. లిస్టును ముక్కలు చేయడం, రెండోసారి వచ్చినవాటిని తీసేయడం, గుంపులుగా వేరు చేయడం వంటి చిన్న పనుల సంచులే అవి.

ఇంత చిన్న ఫంక్షన్ల మీద ఎంత భారం ఉంటుందో 2016 మార్చిలో ప్రపంచం చూసింది. లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల కోడ్ ఒకటి ఉండేది. ఏడును 007గా చూపించాలంటే ఎడమవైపు సున్నాలు చేర్చడం వంటి పని దానిది. ఒక పేరు మీద వచ్చిన తగాదాతో దాని రచయిత తన ప్యాకేజీలన్నిటినీ ఎన్‌పీఎం అనే భాండాగారం నుంచి తీసేశాడు. దాని మీద ఆధారపడిన బేబెల్ వంటి పెద్ద పెద్ద ప్రాజెక్టులు ఆ రోజు ఇన్‌స్టాల్ కాకుండా ఆగిపోయాయి. ఎన్‌పీఎం వాళ్లు కొన్ని గంటల్లోనే ఆ కోడ్‌ను తిరిగి పెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, అంటే 2017లో, ఆ పని చేసే సౌకర్యం జావాస్క్రిప్ట్ భాషలోనే చేరింది. పదకొండు వరుసలు రాయడం నేర్చుకునే పిల్లలకైనా సాధ్యమే. ఆ పదకొండు వరుసలు ఎలా పనిచేస్తాయో తెలిసి ఉండటమే సొంత లైబ్రరీ వల్ల మొదటి లాభం.

మొదలుపెట్టే ముందు నాలుగు నియమాలు

ఒకటి: ఒక ఫంక్షన్ ఒక్క పనే చేయాలి. పేరును శుభ్రం చేసి, నిడివి చూసి, తెర మీద ముద్రించే ఫంక్షన్ ఉంటే దాన్ని మూడుగా విడగొట్టాలి.

రెండు: జవాబును రిటర్న్‌తో తిరిగి ఇవ్వాలి. లోపలే ప్రింట్ చేసేస్తే ఆ జవాబును ఇంకో ఫంక్షన్ వాడుకోలేదు.

మూడు: ప్రతి ఫంక్షన్ పక్కన కనీసం అయిదు పరీక్షలు రాయాలి. పైథాన్‌లో అసర్ట్ అనే మాట ఉంది. "దీనికి ఈ జవాబే రావాలి, రాకపోతే ఆగిపో" అని చెప్పడానికి అది చాలు. అయిదింటిలో ఒకటి ఖాళీ విలువ కావాలి, ఒకటి చాలా పెద్దది కావాలి, ఒకటి మన ఇంటి పేరో ఊరి పేరో కావాలి.

నాలుగు: పేరు చూడగానే పని తెలియాలి. ఇక్కడ మన పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. పైథాన్ 3లో ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. అక్షరాల_సంఖ్య అని పేరు పెడితే పైథాన్ హాయిగా ఒప్పుకుంటుంది. డెఫ్, రిటర్న్, ఇఫ్ వంటి భాష మాటలు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండాలి. నలుగురితో కలిసి చేసే పనిలో ఇంగ్లిష్ పేర్లే వాడతారు. సాధన కోసం రాసుకునేటప్పుడు మాత్రం, బడిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో చదివే మన పిల్లలకు తెలుగు రాయడానికి ఇది ఒక సాకు కూడా అవుతుంది.

అంకెలతో నాలుగు ఫంక్షన్లు

మొదటి ఫంక్షన్: ఇది లీపు సంవత్సరమా? "నాలుగుతో భాగిస్తే శేషం లేకపోతే లీపు" అని అందరూ మొదలుపెడతారు. 2024కు అది సరిపోతుంది. కానీ 1900 నాలుగుతో భాగించబడుతుంది, అయినా లీపు కాదు. వందతో భాగించబడే సంవత్సరం నాలుగు వందలతో కూడా భాగించబడితేనే లీపు అవుతుంది. అందుకే 2000 లీపు, 2100 కాదు. ఇంట్లో తాతగారి తండ్రి పుట్టిన తేదీ పాత కాగితాల్లో దొరికితే 1900 పరీక్ష ఉత్తిది కాదని పిల్లలకు అర్థమవుతుంది.

రెండో ఫంక్షన్: లక్షల కామాలు. పైథాన్‌కు ఉన్న కామా సౌకర్యంతో 1234567ను చూపిస్తే 1,234,567 అని వస్తుంది. మన లెక్కలో అది 12,34,567. దీన్ని రాయడం మంచి కసరత్తు. కుడివైపు మూడు అంకెలు పక్కన పెట్టాలి. మిగిలినవాటిని కుడి నుంచి రెండేసి చొప్పున విడదీయాలి. అన్నిటినీ కామాతో కలపాలి. పరీక్షలకు 0, 999, 1000, 100000, ఒక రుణ సంఖ్య ఇవ్వాలి. రుణ సంఖ్య దగ్గర చాలామంది కోడ్ తప్పుతుంది. మైనస్ గుర్తును ముందే తీసి దాచి, చివర తిరిగి పెట్టాలి.

మూడో ఫంక్షన్: డబ్బు పంపకం. వెయ్యి రూపాయలను ముగ్గురికి పంచితే తలా 333.33. మూడూ కలిపితే 999.99. ఒక పైసా ఎటు పోయింది? సంఘం చందాల లెక్కలోనో చీటీ లెక్కలోనో ఇలాంటి పైసాలే చివరికి తగాదాకు దారితీస్తాయి. దశాంశ సంఖ్యలతో కంప్యూటర్‌కు ఇంకో చిక్కు ఉంది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. అందుకే డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగానే లెక్కించాలి. లక్ష పైసలను మూడుతో భాగిస్తే తలా 33333, శేషం 1. ఆ శేషాన్ని మొదటివారికి చేర్చాలి. అప్పుడు పంపకాల మొత్తం అసలుకు సమానమవుతుంది. ఇక్కడ రాయాల్సిన పరీక్ష కూడా అదే: ఎంతమందికి పంచినా మొత్తం మారకూడదు.

నాలుగో ఫంక్షన్: భూమి కొలత. మన కుటుంబాలకు ఇది బాగా తెలిసిన తలనొప్పి. కర్ణాటక, మహారాష్ట్రల్లో ఎకరానికి 40 గుంటలు. తమిళనాట, కోస్తాలో, యానాంలో సెంట్ల లెక్క, ఎకరానికి 100 సెంట్లు. అంటే ఒక గుంట రెండున్నర సెంట్లు, చదరపు అడుగుల్లో 1089. ఇంతవరకూ సులువే. కానీ ఒడిశాలో గుంఠ అంటే ఎకరంలో 25వ వంతు, 1742.4 చదరపు అడుగులు. మాట దాదాపు ఒకటే, కొలత వేరు. గుంట అని మాత్రమే అడిగే ఫంక్షన్ కోలారులో సరైన జవాబిచ్చి బరంపురంలో తప్పు జవాబిస్తుంది. కాబట్టి కొలతతో పాటు రాష్ట్రాన్ని కూడా అడగాలి. రాష్ట్రం చెప్పకపోతే ఊహించుకోకుండా "ఏ రాష్ట్రం గుంట?" అని తిరిగి అడగాలి. తెలియని చోట ఊహించకుండా ఆగడం ప్రోగ్రామర్‌కు చాలా అవసరమైన అలవాటు.

తెలుగు అక్షరాలతో నాలుగు ఫంక్షన్లు

ఇప్పుడు అసలు సరదా. "తెలుగు" అనే మాటలో ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి పిల్లలైనా తె, లు, గు, మూడు అంటారు. పైథాన్‌ను లెన్ అని అడిగితే ఆరు అంటుంది.

పైథాన్ చెప్పింది అబద్ధం కాదు, అది లెక్కపెట్టేది వేరు. యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపికి 128 స్థానాలున్న ఒక గది ఉంది. అందులో త ఒకటి, ఎత్వం గుర్తు ఒకటి, ల ఒకటి, కొమ్ము గుర్తు ఒకటి, ఇలా ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యనే కోడ్ పాయింట్ అంటారు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపితే ఆరు. ఇదే మాటను యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఒక్కోదానికి మూడు బైట్లు చొప్పున 18 బైట్లు పడుతుంది. ఒత్తులున్న మాటల్లో తేడా ఇంకా పెరుగుతుంది. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు గుర్తు, త, పొల్లు గుర్తు, ర, దీర్ఘం గుర్తు, మొత్తం ఆరు.

అందుకే అయిదో ఫంక్షన్: మాటను అక్షరాలుగా విడదీయడం. ఈ లైబ్రరీకి గుండెకాయ ఇదే. పద్ధతి ఇలా ఉంటుంది:

ఖాళీ లిస్ట్ ఒకటి పెట్టుకోవాలి.
మాటలోని కోడ్ పాయింట్లను ఒక్కొక్కటిగా చూడాలి.
వచ్చింది అచ్చో హల్లో అయి, దాని ముందు పొల్లు గుర్తు లేకపోతే, లిస్టులో కొత్త అక్షరం మొదలుపెట్టాలి.
వచ్చింది హల్లు అయి, దాని ముందు పొల్లు గుర్తు ఉంటే, అది ఒత్తు. ముందు అక్షరానికే చేర్చాలి.
గుణింతం గుర్తు, సున్న, విసర్గ, పొల్లు గుర్తు వస్తే ముందు అక్షరానికే చేర్చాలి.

పరీక్షలు: "తెలుగు" అంటే మూడు ముక్కలు. "అమ్మ" అంటే రెండు. "స్త్రీ" ఒకటి. "రాష్ట్రం" రెండు. ఖాళీ మాట ఇస్తే ఖాళీ లిస్ట్.

ఇక్కడ పిల్లలు ఒక నిర్ణయం తీసుకోవాలి. "హోసూర్" అని రాస్తే చివరి ర్ ఒక అక్షరమా? మన పద్ధతిలో అది వేరే ముక్కగా వస్తుంది, మొత్తం మూడు. ఛందస్సు లెక్కలో మాత్రం పొల్లు హల్లు ముందు అక్షరంతో కలిసిపోతుంది, అప్పుడు రెండే. రెండూ సరైనవే, అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి. ఎంచుకున్నదేమిటో ఫంక్షన్ పైన ఒక వాక్యంలో రాసి పెట్టాలి.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. "హోసూర్‌లో" అని రాసినప్పుడు ర్ కింద లావత్తు పడకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెడతారు. అది లేకపోతే "హోసూర్లో" అవుతుంది. మన ఫంక్షన్ ఆ గుర్తును కూడా ముందు అక్షరానికి చేర్చుకోవాలి. దాని తర్వాత వచ్చే లో కొత్త అక్షరమే. అదే గుర్తు ఫంక్షన్ పేరు మధ్యలో పడితే మాత్రం పైథాన్ ఒప్పుకోదు, తప్పు చూపిస్తుంది.

ఈ చిక్కులు మన పిల్లలకే కాదు, పెద్దవాళ్లకూ ఉన్నాయి. పొల్లు గుర్తుతో కలిసే ఒత్తులను తెలుగు వంటి కొన్ని భారతీయ లిపుల్లో ఒకే గుంపుగా లెక్కించే నియమం యూనికోడ్‌లో 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు నియమం ప్రకారం "స్త్రీ" మూడు ముక్కలయ్యేది. అందుకే పాత సాఫ్ట్‌వేర్ ఒక జవాబు, కొత్తది ఇంకో జవాబు ఇవ్వవచ్చు.

అయిదోది చేతిలో ఉంటే తర్వాతి మూడూ రెండేసి వరుసల పని.

ఆరో ఫంక్షన్: అక్షరాల సంఖ్య. విడదీసిన లిస్టు నిడివే జవాబు.

ఏడో ఫంక్షన్: మాటను తిరగేయడం. పాఠ్యపుస్తకంలో ఉండే పద్ధతితో "తెలుగు"ను తిరగేస్తే మొదట ఒంటరి కొమ్ము, తర్వాత గు, లె, త వస్తాయి. ఎత్వం త మీది నుంచి ల మీదికి దూకుతుంది. విడదీసిన లిస్టును తిరగేసి కలిపితే "గులుతె" అని సరిగ్గా వస్తుంది. అటూ ఇటూ ఒకేలా ఉండే మాటలను వెతికే ఆటకు ఇదే పునాది. "వికటకవి" సరిగ్గా రావాలంటే ఈ ఫంక్షన్ సరిగ్గా ఉండాలి.

ఎనిమిదో ఫంక్షన్: కత్తిరించడం. గుర్తింపు కార్డు మీదో రశీదు మీదో చోటు తక్కువైతే పేరును కొన్ని అక్షరాలకు కుదిస్తారు. "లక్ష్మి" అనే పేరును నాలుగు కోడ్ పాయింట్ల దగ్గర కోస్తే మిగిలేది "లక్ష". మనిషి పేరు కాస్తా అంకె అయిపోయింది. "రాష్ట్రం" నాలుగు దగ్గర తెగితే "రాష్" మిగులుతుంది. కోడ్ పాయింట్ల దగ్గర కాకుండా అక్షరాల దగ్గర కోస్తే పేరు సగంలో విరగదు.

పేర్లు, చిరునామాలతో రెండు ఫంక్షన్లు

తొమ్మిదో ఫంక్షన్: ఇది సరైన పేరేనా? "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి" అనే నియమం చాలా ఫారాల్లో ఉంటుంది. పైథాన్‌లో దానికి ఈజ్‌ఆల్ఫా అనే సిద్ధమైన సౌకర్యం ఉంది. దానికి "కమల" ఇస్తే అవును అంటుంది. "రవి" ఇస్తే కాదు అంటుంది. కారణం ఒక్క గుడి. గుణింతం గుర్తులను యూనికోడ్ అక్షరాల కింద కాకుండా గుర్తుల కింద లెక్కిస్తుంది, ఈజ్‌ఆల్ఫా ఆ గుర్తులను అక్షరాలుగా ఒప్పుకోదు. గుణింతాలు లేని పేర్లు ఎన్ని ఉంటాయి? రవి, లక్ష్మి, రాము, శ్రీను, అందరూ బయట నిలబడాల్సిందే.

దిద్దడం సులువే. పైథాన్‌తో వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌ను అడిగితే ప్రతి కోడ్ పాయింట్ ఏ వర్గానికి చెందుతుందో చెబుతుంది. అక్షరాల వర్గాన్నీ, గుర్తుల వర్గాన్నీ రెంటినీ ఒప్పుకోవాలి. వాటితో పాటు ఖాళీ చోటును, ఇనిషియల్ తర్వాత పెట్టే చుక్కను, కనిపించని ఆ జాయినర్ గుర్తును కూడా ఒప్పుకోవాలి. "కనీసం మూడు అక్షరాలు" అనే నియమం పెట్టకూడదు. పెడితే "ఉమ" ఉండదు.

పేరును మొదటి పేరు, చివరి పేరు అని రెండుగా కోసే ఫంక్షన్ రాయాలని పిల్లలకు అనిపిస్తుంది. వద్దని మా సలహా. మన ఇళ్లల్లో కొందరికి ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాడులో పెరిగినవాళ్లకు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా ఉంటుంది. మహారాష్ట్రలో చాలామంది సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుసకు అలవాటు పడ్డారు. ఒకే కుటుంబంలో అన్నదమ్ముల పేర్లు మూడు రాష్ట్రాల్లో మూడు వరుసల్లో ఉండవచ్చు. చివరి మాటే ఇంటిపేరు అనుకునే ఫంక్షన్ ఈ ముగ్గురిలో ఇద్దరిని తప్పుగా చదువుతుంది. పూర్తి పేరును ఒకే గడిలో ఉంచుకుని, ఇంటిపేరు కావాలంటే విడిగా అడగడమే మంచిది.

పేర్లను పోల్చేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త ఉంది. "శైలజ"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు పేర్లు. అదే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ అనే సౌకర్యం ఉంది. పోల్చే ముందు రెండు పేర్లనూ దాని గుండా పంపితే జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు పడటం తగ్గుతుంది.

పదో ఫంక్షన్: పిన్ కోడ్ నుంచి రాష్ట్రం. 1972 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉన్న ఈ ఆరంకెల సంఖ్యకు ఒక వరుస ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక అయిదుతో, తమిళనాడు, కేరళ ఆరుతో మొదలవుతాయి. మహారాష్ట్ర నాలుగుతో, ఒడిశా ఏడుతో మొదలవుతాయి. మొదటి మూడు అంకెలు చూస్తే ఇంకా దగ్గరగా తెలుస్తుంది. 533 అంటే కాకినాడ వైపు, కాబట్టి ఆంధ్రప్రదేశ్ అని రాసేస్తారు.

యానాం పిన్ కోడ్ 533464. తపాలా కాకినాడ వైపు నుంచి వస్తుంది కాబట్టి సంఖ్య కూడా అదే వరుసలో ఉంది. కానీ యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని జిల్లా. పుదుచ్చేరి పట్టణం పిన్ కోడ్ 605తో మొదలవుతుంది. మూడంకెలు చూసి రాష్ట్రం నింపే ఫారం యానాం విద్యార్థిని ఆంధ్రప్రదేశ్ విద్యార్థిగా చూపిస్తుంది. నివాసాన్ని బట్టి సీటో స్కాలర్‌షిప్పో ఇచ్చే చోట ఆ ఒక్క గడి తప్పైతే దరఖాస్తే పక్కకు పోవచ్చు.

సరైన పద్ధతి ఇది. ముందు పూర్తి ఆరంకెలను మినహాయింపుల పట్టికలో వెతకాలి. అక్కడ లేకపోతే మూడంకెల పట్టిక చూడాలి. అక్కడా లేకపోతే "తెలియదు" అని చెప్పాలి. దొరికిన జవాబును కూడా మనిషి మార్చుకునే వీలు ఉంచాలి. ప్రత్యేకమైనది ముందు, సాధారణమైనది తర్వాత అనే ఈ వరుస ప్రోగ్రామింగ్‌లో ఎన్నో చోట్ల పనికొస్తుంది. ఈ ఫంక్షన్‌కు మొదటి పరీక్ష 533464 కావాలని యానాం పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

పరీక్షలు ఎందుకంత ముఖ్యం?

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక వింత జబ్బు చేసింది. జ్ఞ తర్వాత కనిపించని నాన్ జాయినర్ గుర్తు, ఆ తర్వాత దీర్ఘం ఉన్న ఒక్క తెలుగు కూర్పు సందేశంలో వస్తే ఆ యాప్ కుప్పకూలేది. ఆపిల్ సంస్థ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని దిద్దింది. అంత పెద్ద సంస్థ పరీక్షల్లోనూ ఆ కూర్పు తప్పించుకుంది. తెలుగు టైప్ చేసేవాళ్ల చేతుల్లో మాత్రం ఇలాంటి కూర్పులు ఎప్పుడైనా పడవచ్చు. తెలుగు తెలిసినవాళ్లు పరీక్షలు రాసే బల్ల దగ్గర ఉంటే ఇలాంటివి ముందే దొరికే అవకాశం ఎక్కువ.

ఈ రోజుల్లో ఫంక్షన్ కావాలంటే కృత్రిమ మేధను అడిగితే క్షణంలో రాసి ఇస్తుంది. పిల్లలు అడగనీ, తప్పు లేదు. కానీ పరీక్షలు మాత్రం ముందుగా, సొంతంగా రాయమని చెప్పండి. "లక్ష్మి", "ఉమ", 533464, ఒడిశా గుంఠ, ఈ నాలుగూ ముందే రాసిపెట్టుకుని, ఎవరు రాసిన కోడ్‌నైనా వాటి గుండా పంపితే అది మనకు పనికొస్తుందో లేదో వెంటనే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. పరీక్షల కోసం ఇంట్లోవాళ్ల అసలు ఆధార్ సంఖ్యలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు వాడకూడదు. కోడ్‌ను గిట్‌హబ్ వంటి చోట అందరికీ కనిపించేలా పెడితే అవి కూడా బయటికి పోతాయి, తర్వాత తుడిచినా పాత ప్రతుల్లో మిగిలే ఉంటాయి. కల్పించిన సంఖ్యలే వాడాలి.

కంప్యూటర్ రాని పెద్దవాళ్లు ఏం చేయగలరు?

చాలానే చేయగలరు. పరీక్షలకు కావలసిన మాటలు పెద్దవాళ్ల దగ్గరే ఉన్నాయి. చుట్టాల పెళ్లి శుభలేఖల్లోని పేర్లు, పాత పట్టాల్లోని ఊళ్ల పేర్లు, అవ్వ వాడే కొలతలు, తాత రాసే సంతకం పిల్లలకు ఇవ్వండి. ఒక్కో మాటలో ఎన్ని అక్షరాలో మీరు వేళ్ల మీద లెక్కపెట్టండి, ప్రోగ్రాము ఏమంటుందో వాళ్లు చూస్తారు. లెక్క తేడా వస్తే ఎవరిది తప్పో కూర్చుని తేల్చుకోండి. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకు ఆ కాసేపట్లో గుణింతం, ఒత్తు, పొల్లు అంటే ఏమిటో తెలిసిపోతుంది.

వారానికి రెండు ఫంక్షన్లు చొప్పున రాస్తే పదీ అయిదు వారాల్లో పూర్తవుతాయి. మొదటి రెండు వారాలు అంకెలకు, తర్వాతి రెండు అక్షరాలకు, చివరి వారం పేర్లకు, పిన్ కోడ్‌కు. అయిదో ఫంక్షన్‌కు ఒక్కదానికే వారం పట్టినా తొందరపడవద్దు, మిగతా మూడూ దాని మీదే నిలబడ్డాయి. అన్నీ అయ్యాక పదకొండోది కావాలంటే ఒకటి చెబుతాం. మీ ఊరి సంఘం సభ్యుల పేర్లను వర్ణమాల వరుసలో పెట్టే ఫంక్షన్ రాయమనండి. యూనికోడ్ సంఖ్యల వరుసలో ళ, వ కంటే ముందు వస్తుంది. మనం నేర్చుకున్న వర్ణమాలలో ళ, హ తర్వాత వస్తుంది. ఏ వరుస ఉండాలో సంఘం పెద్దలను అడిగి, ఆ జవాబును ఫంక్షన్ పైన రాసి, తర్వాత కోడ్ మొదలుపెట్టమని చెప్పండి.